మందుపాతరకు ఎదురు నిలుచు పదార్థములు: ఒక తులనాత్మక పరిశీలన

ఒకనాడు మా తరగతిలో ఘనపదార్థముల ధర్మములను గూర్చి పాఠము జరుగుచుండగా, వెనుక బల్లపై కూర్చున్న ఒక విద్యార్థి లేచి ఈ ప్రశ్న వేసెను: “సార్, పింగాణీ జాతి పదార్థములు ఉక్కు కంటె ఎన్నో రెట్లు కఠినమైనవని మీరే చెప్పితిరి. అట్లయిన పోలీసు వాహనముల అడుగున ఉక్కుకు బదులు ఆ బిళ్ళలనే పరచరాదా? మందుపాతర పేలినను లోపలివారు బ్రతుకుదురు గదా!” తరగతిలో ఎవరును నవ్వలేదు. ఆ విద్యార్థి దగ్గరి బంధువొకరు పోలీసు శాఖలో పనిచేయుచున్నట్లు మాకు తరువాత తెలిసినది. ప్రశ్న మూడు వాక్యములలో ముగిసినది. సమాధానమునకు గంట చాలలేదు. ఆనాడు పూర్తిగా చెప్పలేకపోయిన దానిని ఈ సంచిక ద్వారా విద్యార్థుల ముందును, కళాశాల కమిటీ పెద్దల ముందును ఉంచుచున్నాము.

దేహమును కాపాడుకొనుటకు తొడుగు ధరించుట మానవునికి కొత్త విషయము కాదు. తెలుగున కవచము అందుము. మా కళాశాలలో ఉర్దూ మాధ్యమమున చదువు విద్యార్థులు జిరహ్ అనియు బక్తర్ అనియు అందురు. నేటి కవచ వాహనమునకు ఉర్దూలో ‘బక్తర్‌బంద్ గాడీ’ అని పేరు. ఆ కవచమునకు మూలమైన లోహము తెలుగున ఉక్కు, ఉర్దూలో ఫౌలాద్. పూర్వము పాశ్చాత్యులు మెచ్చుకొనిన ‘వుట్జ్’ ఉక్కు పేరు దక్షిణాది భాషలలోని ఉక్కు శబ్దము నుండియే పుట్టినదని పలువురు పండితుల అభిప్రాయము. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రము అను గ్రామమున మూసలలో కరగించి చేసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. కనుక ఈ పాఠము మన నేలకు పరాయిది కాదు.

1. విస్ఫోటనము చేయు పని

మొదట శత్రువును తెలిసికొనవలెను. ఒక కిలోగ్రాము కిరోసిన్ పూర్తిగా దహనమైన సుమారు 43 మెగాజౌళ్ళ శక్తి వెలువడును. ఒక కిలోగ్రాము టి.ఎన్.టి. పేలినప్పుడు వెలువడునది సుమారు 4.2 మెగాజౌళ్ళు మాత్రమే. అనగా మన ఇంటి కిరోసిన్ పొయ్యిలోని ఇంధనము టి.ఎన్.టి. కంటె పదిరెట్లు శక్తి గలది! భేదము శక్తిలో లేదు, వేగములో ఉన్నది. టి.ఎన్.టి.లో విస్ఫోటనము సెకనుకు సుమారు 6,900 మీటర్ల వేగముతో ప్రాకును. కన్ను మూసి తెరచులోగా, ఆ మాటకు వచ్చిన అందులో వందవ వంతు కాలములోనే, ఘనపదార్థమంతయు అత్యధిక పీడనము గల వేడి వాయువుగా మారును. ఆ వాయువు చుట్టునున్న గాలిని గోడవలె నెట్టును. అదియే ఆఘాత తరంగము.

మందుపాతర నేలలో పాతిపెట్టబడి యుండుట వలన మరియొక కీడు కలుగును. క్రిందను ప్రక్కలను ఉన్న మట్టి వాయువును బంధించి పైకి మళ్ళించును. పైనున్న మట్టియు రాళ్ళును తూటాలవలె వాహనపు అడుగును తాకును. తడిసిన బంకమట్టిలో పాతిన మందుపాతర పొడి ఇసుకలో పాతిన దానికంటె ఎక్కువ తోపును కలిగించును. కనుక వాహనపు అడుగు భాగము గాలి తరంగమునే గాక మట్టి దెబ్బను కూడ భరింపవలసి యుండును.

దూరము పెరిగిన కొలది దెబ్బ వేగముగా తగ్గును. హాప్కిన్సన్ చూపిన సూత్రము ప్రకారము, పేలుడు పదార్థము 8 రెట్లు పెరిగినచో, అదే గరిష్ఠ పీడనము 2 రెట్ల దూరమున కనబడును. ఈ ఘనమూల నియమము వలన రెండు నీతులు తెలియుచున్నవి. మొదటిది: వాహనపు అడుగును నేల నుండి కొద్దిగా ఎత్తినను గొప్ప లాభము. రెండవది: శత్రువు మందును పెంచుకొనుచు పోయినచో ఎంతటి కవచమైనను ఒకనాడు ఓడును. ఈ రెండవ నీతిని వ్యాసము చివర మరల స్మరింతుము.

2. బరువు, వేగము, శక్తి: ఒక చిన్న లెక్క

విద్యార్థులు కలము కాగితము తీసికొనవలెనని కోరుచున్నాము. ఒక విస్ఫోటనము వాహనపు అడుగు పలకకు 8,000 న్యూటన్-సెకనుల ప్రచోదనమును ఇచ్చినదని ఊహింతము. పలక వైశాల్యము 5 చదరపు మీటర్లు, మందము 10 మిల్లీమీటర్లు; అది ఉక్కుదైనచో బరువు సుమారు 400 కిలోగ్రాములు. ప్రచోదనమును ద్రవ్యరాశితో భాగించిన పలక వేగము సెకనుకు 20 మీటర్లు. గతిజ శక్తి 80,000 జౌళ్ళు.

ఇప్పుడు పలక మందమును రెట్టింపు చేయుదము. ద్రవ్యరాశి 800 కిలోగ్రాములు, వేగము సెకనుకు 10 మీటర్లు, గతిజ శక్తి 40,000 జౌళ్ళు. దెబ్బ అదియే; కాని లోపలికి దూసికొని వచ్చు శక్తి సగమైనది. ప్రచోదనము స్థిరముగా నున్నప్పుడు శక్తి ద్రవ్యరాశికి విలోమానుపాతములో ఉండుటయే దీనికి కారణము. ఇక పలక వంగి, ఆగి, 10,000 కిలోగ్రాముల వాహనమంతయు కలిసి కదలినచో వేగము సెకనుకు 0.8 మీటరు, శక్తి 3,200 జౌళ్ళు మాత్రమే. మిగిలిన శక్తి యంతయు ఏమైనది? పలక వంగుటలో, సాగుటలో వేడిగా మారినది. వంగక సాగక పగిలిన పలక ఆ శక్తిని మ్రింగలేదు. దానిని ముక్కల రూపమున లోపలివారి మీదకు పంపును.

ఇందుండి పదార్థమునకు మూడు పరీక్షలు ఏర్పడుచున్నవి. ఒకటి, చదరపు మీటరుకు ఎంత బరువు? రెండు, విరుగక ముందు ఎంత సాగును? మూడు, అతుకుల వద్ద కూడ ఆ గుణము నిలుచునా? కాఠిన్యము ఈ మూడింటిలో లేదను సంగతిని పాఠకులు గమనింతురు గాక.

3. ఉక్కు

కవచ వాహనములకు నేటికిని ఉక్కే ఆధారము. దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, 10 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు 78.5 కిలోగ్రాములు తూగును. ఉక్కులో పలు జాతులు కలవు. 1882 లో ఇంగ్లండున రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ సుమారు 12, 13 శాతము మాంగనీసు కలిపి, దెబ్బ తగిలిన కొలది గట్టిపడు ఉక్కును కనుగొనెను. మొదటి ప్రపంచ యుద్ధమున బ్రిటిషు సైనికుల శిరస్త్రాణములు దానితోనే తయారైనవి. 1916 సెప్టెంబరు 15 న ఫ్రాన్సు దేశమున సోమ్ రణరంగమందు టాంకులు మొదటిసారి యుద్ధమున దిగినప్పుడు, వాటి పలకలపై తూటాలు తగిలి లోపలి ప్రక్కన లోహపు తునకలు ఎగిరిపడెడివి. అందువలన ఆ సైనికులు ముఖమునకు తోలుతో చేసి గొలుసుల అల్లిక వ్రేలాడదీసిన ముసుగులు ధరించిరి. ఇరువదవ శతాబ్దపు యంత్రము లోపల పాతకాలపు జిరహ్ మరల అవసరమైనదన్న మాట!

నేటి సాధారణ కవచపు ఉక్కు కాఠిన్యము బ్రినెల్ మానమున సుమారు 300 అంకెకు అటునిటుగా ఉండును; అధిక కాఠిన్యపు ఉక్కు సుమారు 500 వరకు పోవును. తూటాను ఆపుటకు రెండవది మేలు. విస్ఫోటనమునకు మాత్రము మొదటిదే తరచుగా నమ్మదగినది. ఏలయన కాఠిన్యము పెరిగిన కొలది సాగు గుణము తగ్గును, అతుకు కష్టమగును.

అతుకు విషయము కొంచెము విపులముగా చెప్పదగినది. వెల్డింగు చేయునప్పుడు అతుకు ప్రక్కనున్న లోహము వేడెక్కి చల్లారి తన పూర్వ గుణమును కోల్పోవును. ఎలక్ట్రోడుకు తేమ యున్నచో ఆ నీటిలోని హైడ్రోజను లోహములో చేరి, కొన్ని గంటలకో రోజులకో కంటికి కనబడని పగుళ్ళను కలిగించును. అందుకే జాగ్రత్త గల కార్ఖానాలలో ఎలక్ట్రోడులను ముందుగా పొయ్యిలో కాల్చి తేమను పోగొట్టుదురు. విస్ఫోటనమున పలక మధ్య చిరుగుట కంటె అతుకు వెంబడి విచ్చుట ఎక్కువ భయపెట్టు సంగతి. కనుకనే వాహనపు అడుగు కొనను రెండు పలకలు కలిపి అతుకుటకు బదులు ఒకే పలకను వంచి చేయుట మంచి పద్ధతిగా భావింపబడుచున్నది. శాస్త్రజ్ఞుని లెక్క ఎంత సరియైనదైనను, వెల్డరు చేతిపని చెడినచో ప్రాణము దక్కదు.

4. అల్యూమినియము, టైటానియము

అల్యూమినియము మిశ్రలోహముల సాంద్రత సుమారు 2.7, అనగా ఉక్కులో మూడవ వంతు. మెగ్నీషియము కలిసిన 5083 అను మిశ్రలోహముతో అమెరికా వారు ఎం-113 అను సైనిక వాహనమును చేసి 1960 నుండి వాడిరి. తేలికగా నుండుటచే విమానములలో తరలించుటకును నీటిపై తేలుటకును అది అనువైనది.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. ఒకే మందము గల పలకలను పోల్చినచో అల్యూమినియము ఓడును. పై లెక్కలో ఉక్కుకు బదులు 10 మిల్లీమీటర్ల అల్యూమినియము వేసినచో ద్రవ్యరాశి 133 కిలోగ్రాములే. వేగము సెకనుకు 60 మీటర్లు. శక్తి సుమారు 2,40,000 జౌళ్ళు. మూడు రెట్లు అధికము! కాని ఒకే బరువు గల పలకలను పోల్చినచో అల్యూమినియము దాదాపు మూడు రెట్లు మందముగా నుండును. వంపునకు ఎదురు నిలుచు బిగువు మందము యొక్క ఘనమునకు అనుపాతములో ఉండును గనుక, దాని స్థితిస్థాపక గుణకము ఉక్కులో మూడవ వంతే అయినను, పలక బిగువు సుమారు 9 రెట్లు అగును. కనుక ఏది మేలు అను ప్రశ్నకు ముందు, దేనిని సమానముగా ఉంచి పోల్చుచున్నాము అను ప్రశ్న వేసికొనవలెను. పరీక్షలలో మా విద్యార్థులు పలుమారులు మరచునది ఇదియే.

వియత్నాము యుద్ధమున ఎం-113 లోని సైనికులు మందుపాతరల భయముచే లోపల కూర్చొనక వాహనపు కప్పు మీద కూర్చొని ప్రయాణము చేసెడివారు. కాపాడుటకు చేసిన పెట్టె లోపల కంటె తూటాలకు ఎదురుగా బయట కూర్చొనుటయే క్షేమమని సైనికుడు తలచినాడన్నచో, ఆ కవచపు అడుగు ఎంత బలహీనమో వేరుగా చెప్పనక్కరలేదు. తరువాత ఆ వాహనములకు అదనపు అడుగు పలకలు అమర్చబడినవి.

టైటానియము ఈ రెండింటికి నడుమ నిలుచును. దాని ముఖ్య మిశ్రలోహమున 6 శాతము అల్యూమినియము, 4 శాతము వనేడియము కలియును, సాంద్రత 4.43, బలమున మంచి ఉక్కుకు దగ్గరగా ఉండును, తుప్పు పట్టదు. అడ్డంకి ధర ఒక్కటియే. దాని ఖనిజమైన ఇల్మనైటు భీమునిపట్నపు సముద్రతీరపు ఇసుకలో కూడ కలదు. ఖనిజము దొరకుట కష్టము కాదు, దాని నుండి లోహమును వేరుచేయుటయే కష్టము. మెగ్నీషియముతో క్షయకరణము చేయు క్రోల్ పద్ధతి నెమ్మదిగా సాగునదియు ఖర్చుతో కూడినదియు. అందుచే వాహనమంతయు గాక ముఖ్యమైన కొన్ని భాగములు మాత్రమే దీనితో చేయుదురు.

5. పింగాణీ జాతి పదార్థములు

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. అల్యూమినా, సిలికాన్ కార్బైడు, బోరాన్ కార్బైడు అను మూడును ఈ జాతిలో ప్రధానములు. వీని సాంద్రతలు క్రమముగా 3.9, 3.2, 2.5. కాఠిన్యమున మూడును ఏ ఉక్కును అయినను మించును. తూటా వచ్చి తగిలినప్పుడు బిళ్ళ ఆ తూటా మొనను విరిచి మొద్దుబారజేయును. బిళ్ళ తాను పగిలినను తూటా బలమును హరించును. వెనుకనున్న నారల పలక మిగిలిన తునకలను పట్టుకొనును. ఈ పని ఉక్కు కంటె తక్కువ బరువుతో జరుగును.

మరి విస్ఫోటనమున ఏల పనికిరాదు? ఒక సుద్దముక్కను చేతిలోనికి తీసికొనుడు. రెండు కొనలనుండి నిలువుగా నొక్కిన అది సులభముగా విరుగదు. రెండు వ్రేళ్ళతో వంచిన వెంటనే విరుగును. పింగాణీ పదార్థములు సంపీడనమును గొప్పగా భరించును, తన్యతను భరింపలేవు. విస్ఫోటనము అడుగు పలకనంతను ఒక్కసారిగా పైకి వంచును. వంగిన పలకకు ఒక ప్రక్క నొక్కుడు, రెండవ ప్రక్క సాగుడు. మంచి కవచపు ఉక్కు విరుగుటకు ముందు 10 శాతము దాటి సాగగలదు. పింగాణీ ఒక శాతము కూడ సాగలేదు. కనుక బిళ్ళలు పగులును; మొదటి దెబ్బకే వాని పని ముగియును.

అయినను ఈ జాతిని తక్కువ చేయరాదు. 1888 లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు చార్లెస్ మన్రో పేలుడు పదార్థమున గుంట చేసినచో దాని బలము ఒకచోట కేంద్రీకృతమగునని గమనించెను. ఆ తత్త్వము పై చేసిన ఆయుధములు సెకనుకు కొన్ని వేల మీటర్ల వేగము గల లోహధారను చిమ్మి మందమైన ఉక్కును కూడ తొలుచును. దానిని ఎదుర్కొనుటకు ఉక్కు, పింగాణీ మొదలగు పొరలు కలిసిన కవచములు 1960 దశకమున ఇంగ్లండునందలి చోభమ్ పరిశోధన కేంద్రమున రూపొందినవి. అనగా పింగాణీ టాంకు ముందు భాగమునకు, ప్రక్కలకు యోగ్యము. మందుపాతర తాకు అడుగునకు యోగ్యము కాదు. ఒక ఆపదకు మందు మరియొక ఆపదకు మందు కానేరదు.

6. నారలు, నురుగు లోహము, రబ్బరు పూత

1965 లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ అను శాస్త్రజ్ఞురాలు చేసిన పరిశోధన ఫలితముగా కెవ్లార్ అను ఆరమిడ్ నార లోకమునకు అందినది. దాని సాంద్రత 1.44. గాజు నారలు, అత్యధిక అణుభారము గల పాలిథీన్ నారలు కూడ ఈ కోవలోనివే. పాలిథీన్ నార నీటి కంటె తేలిక. కాని సుమారు 150 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగును గనుక మంటకు దూరముగా ఉంచవలెను. నారల పలకలు వాహనపు లోపలి గోడకు అస్తరువలె వేయబడును. 1916 నాటి గొలుసు ముసుగు చేసిన పనినే ఇవి మేలుగా చేయును. లోహపు తునకలను పట్టి ఉంచును. కాని ఒంటరిగా అడుగు భారమును మోయుటకు వాని బిగువు చాలదు.

నురుగు లోహము, తేనెపట్టు గదులవంటి అల్యూమినియము మరియొక తరగతికి చెందినవి. చార్మినారు వద్ద గాజుల వర్తకుడు గాజులను గడ్డిలోను కాగితములోను పొదిగి కట్టుట చూచియుందుము. గడ్డి నలిగి గాజును కాపాడును. నురుగు లోహము కూడ ఒకే పీడనమున నలుగుచు శక్తిని గ్రహించును. అయితే ఒక జాగ్రత్త: శక్తిని మ్రింగవచ్చును గాని ద్రవ్యవేగమును ఎవరును మ్రింగలేరు. అది పొర వెనుకనున్న దానికి చేరియే తీరును. పొర చేయగలిగినది ఆ చేరికను కొంత ఎక్కువ కాలమునకు పరచుట మాత్రమే. పొర పలుచనైనచో పూర్తిగా నలిగి గట్టిపడి, ఏ పొరయు లేనప్పటి కంటె గట్టిదెబ్బను లోపలికి పంపవచ్చును.

పాలియూరియా అను రబ్బరువంటి పూతను పలకలపై చల్లుట ఇటీవలి పద్ధతి. ఉక్కు ఒకచోట సన్నబడి చిరుగబోవునప్పుడు ఆ పూత సాగుడును విస్తరింపజేసి చిరుగును ఆలస్యము చేయును. పలకకు వెనుక ప్రక్కన, అనగా దెబ్బ తగులని ప్రక్కన, వేసినప్పుడు దీని మేలు ఎక్కువ. ఇది ఉక్కుకు తోడు. ఉక్కుకు బదులు కాదు.

7. పదార్థమును మించిన ఆకారము

ఇంతవరకు పదార్థములను తూచితిమి. కాని మందుపాతర నుండి ఎక్కువ ప్రాణములను కాపాడినది కొత్త పదార్థము కాదు, పాత ఉక్కుకు ఇచ్చిన కొత్త ఆకారము. 1970 దశకమున రొడీషియా (నేటి జింబాబ్వే), దక్షిణాఫ్రికా దేశములలో మట్టిబాటలపై మందుపాతరలు విస్తరించినవి. మొదట అచ్చటివారు లారీల అడుగున ఇసుక బస్తాలు, కార్ఖానాల కన్వేయరు పట్టీల రబ్బరు పరచిరి. టైర్లలో నీరు నింపిరి. పిదప వాహనపు అడుగును ఆంగ్ల ‘వి’ అక్షరమువలె మలచిరి. చదునైన అడుగు వాయువును పట్టి ఉంచును. వాలు అడుగు దానిని ఇరుప్రక్కలకు జార్చును. దక్షిణాఫ్రికా వారి కాస్పిర్ వాహనమున ఈ ఆకారము, నేల నుండి ఎత్తు, ఊడిపోయినను మార్చుకొనదగిన చక్రములు ఏకమైనవి. ఆ వాహనములు పుట్టిన రాజ్యవ్యవస్థ అన్యాయమైనది. వాని నుండి నేర్చిన భౌతిక శాస్త్రము మాత్రము అందరిది. ఇరాకులో బాటప్రక్క బాంబులచే సైనికులు కూలుచుండగా అమెరికా 2007 లో ఇదే ఆకారము గల వేలాది వాహనములను త్వరితముగా చేయించినది. కాని బరువు, ఎత్తు పెరుగుటచే అవి సన్నని బాటలపై బోల్తాపడు ప్రమాదము కూడ పెరిగినది.

ఆసనము కూడ కవచములో భాగమే. పలక చిరుగకున్నను, ఒక మిల్లీసెకనులో సెకనుకు 10 మీటర్ల వేగము అందుకొనిన నేలపై పాదము మోపినవాని త్వరణము భూగురుత్వమునకు సుమారు 1,000 రెట్లు. కాలి ఎముకలు నుగ్గగును. అందుచే ఆసనములను నేలకు బిగింపక కప్పు నుండియో గోడ నుండియో వ్రేలాడదీసి, పాదములకు వేరు ఆనిక ఇచ్చి, పట్టీలతో బంధింతురు. నాటో దేశముల ప్రమాణము వాహనములను 6, 8, 10 కిలోగ్రాముల పేలుడు పదార్థముతో పరీక్షించి తరగతులుగా విభజించును. ఆ పరీక్షలో కొలుచునది పలక వంపును మాత్రమే కాదు. లోపల కూర్చుండబెట్టిన బొమ్మ మోకాలి క్రింది ఎముకపై పడు బలమును కూడ. అది 5.4 కిలోన్యూటన్లు దాటరాదు. పరీక్ష లోహమునకు కాదు, మనిషికి.

8. తులనము

పై విషయములను సంగ్రహముగా ఇట్లు చెప్పవచ్చును.

ఉక్కు: సాంద్రత 7.85. సాగును, అతుకవచ్చును, చవక. బరువు దోషము, విస్ఫోటనమున ఆ బరువే గుణము.

అల్యూమినియము: సాంద్రత 2.7. సమాన బరువున బిగువు ఎక్కువ. సమాన మందమున రక్షణ తక్కువ. వేడికి త్వరగా మెత్తబడును.

టైటానియము: సాంద్రత 4.43. బలము, తేలిక కలవు. ధర అధికము.

పింగాణీ జాతి: సాంద్రత 2.5 మొదలు 3.9 వరకు. తూటాలకు, లోహధారలకు మేలు. వంపునకు పెళుసు.

నారలు: సాంద్రత సుమారు 1 నుండి 2.5 వరకు. తునకలను పట్టుటకు మేలు. ఒంటరిగా నిలువలేవు.

నురుగు లోహము, పాలియూరియా: సహాయకములు మాత్రమే. తప్పుగా వాడిన హాని.

కనుక ఉత్తమ పదార్థము ఒకటి కాదు. సాగు ఉక్కుతో వాలు అడుగు, లోపల నారల అస్తరు, ప్రక్కలకు అవసరమును బట్టి పింగాణీ, వ్రేలాడు ఆసనము: ఈ కూర్పే ఉత్తమము.

9. మన నగరపు పాత్ర

ఈ శాస్త్రము మన ఇరుగుపొరుగుననే సాగుచున్నదని విద్యార్థులు తెలిసికొనవలెను. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధన సంస్థ కనుగొనిన పొరల కవచమునకు, ఆ సంస్థ యున్న కంచన్‌బాగ్ పేరిటనే, ‘కంచన్’ అని నామకరణము జరిగినది. అర్జున్ టాంకునకు ఆ కవచమే రక్ష. 1973 లో నెలకొనిన మిశ్ర ధాతు నిగమ్ ప్రత్యేకపు ఉక్కులను, టైటానియము మిశ్రలోహములను ఉత్పత్తి చేయుచున్నది. ఎద్దుమైలారమున 1984 లో స్థాపింపబడిన మెదకు ఆయుధ కర్మాగారమున సైనిక వాహనములే గాక, కాస్పిర్ నమూనాను మెరుగుపరచిన ‘ఆదిత్య’ అను మందుపాతర రక్షణ వాహనము కూడ తయారైనది. కోనసముద్రపు మూసల నుండి కంచన్‌బాగ్ కొలుముల వరకు దారి దూరమే గాని తెగిపోయినది కాదు.

10. ఒక మాట, ఒక హద్దు

2003 అక్టోబరు 1 న తిరుపతిలోని అలిపిరి వద్ద నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు గారి వాహనముపై క్లేమోర్ మందుపాతరలు పేలినవి. కవచము గల కారులో ఉన్న ఆయన గాయములతో బయటపడిరి. 2018 మార్చి 13 న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు సుక్మా జిల్లాలో కిష్టారాం వద్ద మందుపాతర రక్షణ వాహనమే పేలుడుకు గురియై 9 మంది కేంద్ర రిజర్వు పోలీసు జవానులు మరణించిరి. ఒకచోట కవచము గెలిచినది, మరియొకచోట ఓడినది. మేము మొదట చెప్పిన ఘనమూల నియమమును మరల స్మరింపుడు. వాహనము ఇన్ని కిలోగ్రాములకని రూపొందును. మట్టిలో పాతువానికి అట్టి హద్దు లేదు.

పత్రికలలోను వాడుకలోను ఈ వాహనములను ‘మైన్‌ప్రూఫ్’ అనుచున్నారు. ఈ మాట పొరబాటని మా అభిప్రాయము. ఆ మాటను నమ్మి, బాటను పరీక్షింపక పయనమైనవాడు ఉక్కును గాక శబ్దమును కవచముగా ధరించినవాడగును. రక్షణ వాహనము అనుడు. అభేద్య వాహనము అనకుడు. వాహనము చివరి రక్షణ. బాటను ముందుగా వెదకుట, ఒకే బాటను మాటిమాటికి వాడకుండుట మొదటి రక్షణ. మందుపాతరయే లేని నేల అన్నిటికంటె గొప్ప రక్షణ. మనుషులను చంపు మందుపాతరలను నిషేధించు ఒడంబడిక 1997 లో ఒట్టావా నగరమున సంతకములకు వచ్చినది. వాహనములకై పాతునవి దాని పరిధిలోనికి రావు. యుద్ధము ముగిసిన దశాబ్దములకు కూడ బడికి పోవు బాలుడును, పొలము దున్ను రైతును వానికి బలియగుచున్నారు. వారికి ఏ ‘వి’ ఆకారపు కవచము ఉన్నది?

ఆ విద్యార్థికి మేమిప్పుడు ఇట్లు చెప్పుచున్నాము: నీవు అడిగిన బిళ్ళ గట్టిదే; కాని ఇచ్చట కావలసినది గట్టిదనము కాదు, విరుగక వంగు గుణము. ఆ భేదము తెలిసినచో సగము పదార్థ శాస్త్రము తెలిసినట్లే. మిగిలిన సగము కొరకు మా ప్రయోగశాల తలుపు తెరచియే యున్నది. మన కళాశాలలో తన్యతను కొలుచు యంత్రము లేని కొరతను కమిటీ పెద్దలు గమనింతురని ఆశించుచున్నాము. ఒక ఉక్కు కడ్డీ సాగి సన్నబడి తెగుటను కన్నులార చూచిన విద్యార్థికి ఈ వ్యాసము అవసరముండదు.